గ్రామసభలో అడిగిన పని ప్రణాళికలోకి ఎక్కాలంటే ఏం చేయాలి?

మెట్టతట్టు (ఉదయగిరి వైపు, నెల్లూరు జిల్లా):

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది మెట్ట పంచాయతీ. బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఎస్టీ కాలనీకి కొళాయి లైను లేదు. గ్రామసభ జరిగిన ప్రతిసారీ ఊరివాళ్లు ఈ రెండూ అడుగుతారు. "రాసుకున్నాం" అని పంచాయతీ వాళ్లు అంటారు. తర్వాత పంచాయతీ ఏడాది పనుల ప్రణాళికలో చూస్తే ఆ పనులు ఉండవు. ఎవరి మీదా ఫిర్యాదు పెట్టాలని కాదు, మాట ఎక్కడ జారిపోతోందో తెలుసుకోవాలి. సభలో ఎలా అడగాలి, తర్వాత ఏ కాగితం చూడాలి, డబ్బు ఏ పద్దులో నుంచి వస్తుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

తీర్మానం పుస్తకం:

తమ్ముడూ, మాట ఎక్కువగా జారిపోయేది సంతకాల దగ్గరే. జనం రాగానే హాజరు కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. మాట్లాడుకోవడం అయిపోతుంది, అందరూ వెళ్లిపోతారు. తీర్మానం తర్వాత ఎప్పుడో తీరిగ్గా రాస్తారు. అప్పుడు గుర్తున్నవే పుస్తకంలోకి ఎక్కుతాయి.

కాబట్టి సభ ముగిసే ముందు ఒక్కరు లేచి, "రాసిన తీర్మానాలు చదివి వినిపించండి" అని మర్యాదగా అడగాలి. చదివించాక చివరి తీర్మానం కింద గీత కొట్టించి, దాని కిందే అధ్యక్షత వహించినవారి సంతకం, కార్యదర్శి సంతకం పెట్టించాలి. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. సర్పంచ్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా పద్ధతి ఇదే.

నోటితో అడగడం చాలదు. అర్జీ రెండు ప్రతులు రాసుకుని వెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకోండి. ఒక అర్జీలో ఒకే పని ఉండాలి. "మంచినీళ్లు ఇప్పించగలరు" అని రాస్తే దానికి అంచనా ఎవరూ వేయలేరు. ఇలా రాయండి: "రామాలయం దగ్గరి ట్యాంకు నుంచి ఎస్టీ కాలనీ చివరి ఇంటి దాకా సుమారు 380 మీటర్ల పైపు లైను, రెండు చోట్ల వీధి కొళాయిలు." కొలత అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు, ఇంజినీరు వచ్చి కొలుస్తారు. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది మాత్రం స్పష్టంగా ఉండాలి.

ఇంకో సంగతి. గ్రామసభ వేరు, పంచాయతీ పాలకవర్గ సమావేశం వేరు. రాజ్యాంగం 243ఏ, మన 1994 పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ చెప్పేది గ్రామసభ గురించి. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. పాలకవర్గంలో సర్పంచ్, వార్డు సభ్యులు ఉంటారు. తీర్మానం కోసం వెతికేటప్పుడు ఏ సమావేశానిదో చెప్పి అడగండి. లేకపోతే రెండో పుస్తకం చూపించి "ఇందులో లేదు" అనేస్తారు.

అడిగే కాలమూ ముఖ్యమే. వచ్చే ఏడాది ప్రణాళిక కోసం ప్రచార కార్యక్రమం మామూలుగా అక్టోబర్ 2 నుంచి జనవరి 31 దాకా నడుస్తుంది. జాబితా ఆ నెలల్లోనే తయారవుతుంది. ఆమోదం పొందిన పనులు పంచాయతీల పనులు, లెక్కలు పెట్టే ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఎవరికైనా కనిపిస్తాయి, లాగిన్ అక్కర్లేదు. మీ పని అక్కడ కనపడకపోతే వేసవి దాకా ఆగకండి, వెంటనే అర్జీ ప్రతి, పేజీ ఫొటో పట్టుకుని ఎంపీడీఓ దగ్గరికి వెళ్లండి.

పాత తీర్మానాలూ వెతకండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఆ రోజు మీ ఊళ్లో ఏం రాశారో పుస్తకంలో ఉండాలి.

పైపులైను:

డబ్బు సంగతి నేను చెబుతా. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీ నిధుల్ని రెండుగా విడగొట్టింది. 60 శాతం షరతులతో కూడినది: అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు, అయితే జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదన్నారు. అంటే ఆ ఐదేళ్లలో తాగునీటికంటూ విడిగా డబ్బు కేటాయించారు. "నిధుల్లేవు" అని ఎవరైనా అంటే "తాగునీటి పద్దులో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది?" అని అడగండి. కొత్త సంఘం నిధుల విషయంలోనూ పద్దు ఏదో ముందు అడిగి తెలుసుకోండి.

ఫ్లోరైడ్ పనికి ఇంకో చిక్కు ఉంది. ట్యాంకు నుంచి కాలనీకి లైను వేయడం పంచాయతీ చేయగలదు. బోరింగు నీళ్ల బదులు వేరే చోటి నుంచి నీళ్లు తేవడం పంచాయతీ వల్ల కాదు, అది గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) చూడాలి. ఈ రెంటినీ ఒకే అర్జీలో కలిపితే పంచాయతీ వాళ్లు శాఖ వైపు, శాఖ వాళ్లు పంచాయతీ వైపు చూపిస్తారు. రెండోదానికి గ్రామసభ తీర్మానం నకలు జతచేసి ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)కి విడిగా ఇవ్వండి.

దానికి నీటి పరీక్ష రిపోర్టు కూడా ఉండాలి. "ఫ్లోరైడ్ ఎక్కువ" అనే మాటకు అంకె తోడైతే కాదనడం కష్టం. ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దు. బోరింగు కాసేపు కొట్టి నీళ్లు పోనిచ్చాక, అదే నీళ్లతో సీసాను రెండు మూడు సార్లు కడిగి నింపండి. సీసా మీద ఏ బోరింగు, ఏ తేదీ అన్నది రాసి ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబులో ఇవ్వండి. ఒక్క బోరింగుతో సరిపెట్టొద్దు, పక్క పక్క బోర్లలోనే అంకెలు మారిపోతాయి. కాచి తాగితే పోతుందని కొందరు అంటారు, అది నిజం కాదు. కాస్తే నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

సెక్షన్ ఆరు:

పుస్తకం చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుం లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు.

దరఖాస్తులు వీగిపోయేది అడిగే తీరు వల్లే. "మా కాలనీకి లైను ఎందుకు వేయలేదు?" అంటే అది రికార్డు అడిగినట్టు కాదు, సంజాయిషీ అడిగినట్టు. "ఫలానా తేదీ గ్రామసభ హాజరు పట్టిక, తీర్మానాల నకళ్లు, ఈ ఏడాది ఆమోదించిన పనుల జాబితా, తాగునీటి పద్దులో జమ, ఖర్చు" అని రికార్డు పేరుతో అడగండి. పని జరిగినట్టు చూపించి ఉంటే అంచనా, ఎం-బుక్ (ఇంజినీరు కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లు నకళ్లు కూడా అడగండి. పైపు ఎన్ని మీటర్లు, ఎంత లోతు, ఏ సైజు అన్నది ఎం-బుక్‌లోనే ఉంటుంది. దాన్ని పట్టుకుని టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది. సెక్షన్ 2(జె) కింద పనిని, రికార్డును స్వయంగా పరిశీలించే హక్కు, ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. చాలామంది దీన్ని వాడుకోరు, నాకు అదే బాధ.

జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటాక ఇస్తే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 చొప్పున 25,000 దాకా అధికారికి జరిమానా పడుతుంది.

మెట్టతట్టు:

చాలా సంతోషం అన్నా. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు ఇస్తే తొందరగా అవుతుందని ఇక్కడ అంటున్నారు. అదెంతవరకు నిజం? ఇంకొకటి, కాలనీ వాళ్లలో సగం మంది సభకే రారు.

తీర్మానం పుస్తకం:

సోమవారం అర్జీ అందాల్సిన సేవ ఆగినప్పుడు బాగా పనిచేస్తుంది: మోటారు కాలిపోయి నీళ్లు రాకపోవడం, పింఛను నిలిచిపోవడం లాంటివి. ప్రణాళికలో లేని కొత్త పనికి అది తిరిగి తిరిగి మళ్లీ మీ కార్యదర్శి దగ్గరికే వస్తుంది. నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే తిక్కన ప్రాంగణం దాకా పోయినా ముందు మండలంలో ఇచ్చిన అర్జీ ప్రతి, నీటి రిపోర్టు జతచేయండి. నమోదు నంబరు చీటీ జాగ్రత్త. వాడుకలో ఉన్న ఫోన్ నంబరే ఇవ్వండి. పని జరగకుండానే "పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తే ఊరుకోకండి, అర్జీల కాల్ సెంటర్ 1100కి ఫోన్ చేసి మళ్లీ తెరిపించండి. ఏం జరగలేదో ఒక్క వాక్యంలో రాయించండి.

కాలనీ విషయం అన్నిటికన్నా ముఖ్యం. యానాది కుటుంబాలు పొద్దున్నే పనికి పోతాయి. పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెడితే వాళ్లు ఎలా వస్తారు? సాయంత్రం, కాలనీలోనే పెట్టమని కార్యదర్శికి ముందే రాసివ్వండి. దండోరా కాలనీ లోపల కూడా వేయించాలి. ఓటర్ల జాబితా తెచ్చి ఇంటింటికీ సరిచూడండి. పేరు లేనివారి చేత బీఎల్ఓ (ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి) దగ్గర ఓటరుగా చేరే ఫారం 6 ఇప్పించండి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో దేనికైనా 18 నిండితే చాలు. అర్జీ మీద మొదటి సంతకం కాలనీ ఆడవాళ్లదే ఉండనీయండి. నీళ్లు మోసేది వాళ్లే, ఏ బోరింగు నీళ్లు ఎలా ఉంటాయో ఇంజినీరుకు చెప్పగలిగిందీ వాళ్లే.