పాసిక్స్ ప్రమాణంలో ‘లోకల్’ ఎందుకు లేదు?

రాత్రిషిఫ్ట్:
యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాల ప్రమాణం పాసిక్స్. దాని 2024 సంచికలో పైప్‌ఫెయిల్ ఆప్షన్ వచ్చింది, టైమౌట్ కమాండ్ వచ్చింది, రియల్‌పాత్ కమాండ్ వచ్చింది. షెల్ (మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఫంక్షన్‌లో వేరియబుల్‌ని లోపలే ఉంచే ‘లోకల్’ మాత్రం మళ్లీ రాలేదు. షెల్స్‌లో చూస్తే బాష్‌లో ఉంది, డాష్‌లో ఉంది, బిజీబాక్స్‌లో ఉంది. ఇంకెవరి కోసం ఆగారు? మా ఆఫీసులో లోకల్ వాడకూడదు. నా స్క్రిప్టులో ఒక ఫంక్షన్‌లోని ‘ఐ’ ఇంకో దాంట్లోని ‘ఐ’ని తొక్కేసింది. లూప్ తెల్లారేదాకా తిరిగి డిస్కు నిండింది. తిట్లు నాకు.

గోదారిగట్టు:
రెండో దానికి ‘జె’ అని పేరు పెడితే పోయేదిగా?

రాత్రిషిఫ్ట్:
పేరు పెట్టడం వచ్చండీ. విషయం అది కాదు.

పాతకాపు:
మా దగ్గరున్న కెఎస్‌హెచ్93 అనే షెల్‌లో లోకల్ లేదు, ఆ పనికి టైప్‌సెట్ ఉంది. బాష్‌లో పిలిచిన ఫంక్షన్‌కి కూడా ఆ వేరియబుల్ కనిపిస్తుంది, ఇందులో కనిపించదు.

రాత్రిషిఫ్ట్:
కెఎస్‌హెచ్ ఇప్పుడు ఎవరు వాడుతున్నారు?

పాతకాపు:
నేను. సరే, దాన్ని వదిలేయండి. బయట ఎక్స్‌కి 5 ఇచ్చి, ఫంక్షన్‌లో ‘లోకల్ ఎక్స్’ అని మాత్రం రాసి ప్రింట్ చేయండి. డాష్‌లో 5 వస్తుంది. బాష్‌లో ఖాళీ వస్తుంది. మీరు చెప్పిన రెండింటికే పొత్తు కుదరలేదు. ప్రమాణంలో ఏది రాయమంటారు?

రాత్రిషిఫ్ట్:
ఏదో ఒకటి రాస్తే రెండోవాళ్లు మార్చుకుంటారు. పైప్‌ఫెయిల్ చేర్చేనాటికి విడుదలైన డాష్‌లో అదీ లేదు కదా! అసలు 2001లో ఫైళ్లను మూటకట్టే టార్ కమాండ్‌ని తీసేసి, అదే పని చేసే పాక్స్‌ని ఉంచిన ప్రమాణం ఇది. టార్ లేని సర్వర్ నేను చూడలేదు. పాక్స్ అని కొడితే మాత్రం అలాంటి కమాండే లేదంటుంది.

గోదారిగట్టు:
టార్ గొడవ మళ్లీ మొదలు.

పాతకాపు:
‘మార్చుకుంటారు’ అనడం తేలికే. మార్చుకోవాల్సింది నేను! ముప్పై ఏళ్ల కిందటి స్క్రిప్టులు, రాసినవాళ్లు రిటైరైపోయారు, నెలాఖరు లెక్కలు ఇప్పటికీ వాటి మీదే నడుస్తున్నాయి. నాకు ప్రమాణమంటే ఆ స్క్రిప్టు రేపూ ఇలాగే నడుస్తుందన్న మాట. మీరు లినక్స్ గడప దాటరు. స్క్రిప్టు మొదటి లైన్లో దీన్ని బాష్‌తో నడపమని రాసి లోకల్ హాయిగా వాడుకోక, ప్రమాణం మీద పడతారేం?

రాత్రిషిఫ్ట్:
ఆ లైనే రాయనివ్వరు సార్! మా స్క్రిప్టులు నడిచే కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌కి కావాల్సినవి మాత్రమే పెట్టిన పెట్టె లాంటిది) బాష్ లేదు. ‘పాసిక్స్‌లో లేనిది రాయొద్దు’ అని మా టీమ్ లీడ్ రివ్యూలో కొట్టేస్తాడు. మీకది భరోసా ఏమో, నా నెత్తిన మాత్రం అది బెత్తం.

పాతకాపు:
అయితే మీ తగాదా మీ లీడ్‌తో.

రాత్రిషిఫ్ట్:
ఆయనా మీలాగే మాట్లాడతాడు.

పాతకాపు:
కంటైనర్‌లో షెల్ ఏది?

రాత్రిషిఫ్ట్:
బిజీబాక్స్.

పాతకాపు:
అందులో 5 వస్తుందో, ఖాళీ వస్తుందో చూసి చెప్పండి. ఆ తర్వాత మీ లీడ్‌ని నేనూ తిడతాను.