బ్రౌజర్ సింథ్‌లో యాసిడ్ బేస్ చేస్తే రింగ్‌టోన్‌లా వస్తోంది, ఎక్కడ తప్పు?

హనుమకొండ నుంచి:
అన్నా, బ్రౌజర్‌లో నడిచే 303 తరహా సింథ్‌తో (రోలాండ్ కంపెనీ పాత బేస్ యంత్రం టీబీ-303ని అనుకరించేది) వారం రోజులుగా కూర్చుంటున్నా. స్వరాలను వరసగా తిప్పి వాయించే సీక్వెన్సర్‌లో 16 గడులూ నింపాను, టెంపో 125. అయినా ఆ జారుతూ, మెలికలు తిరుగుతూ పలికే యాసిడ్ బేస్ (యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతంలోని కింది స్వరాల వరస) రావడం లేదు. పాత ఫోన్ రింగ్‌టోన్‌లా ఉంది. భజనలో హార్మోనియం వాయిస్తాను కాబట్టి స్వరాలు తెలుసు, సింథ్ మాత్రం కొత్త. చివరికి దీన్ని తీన్‌మార్ కింద వేయాలని ఉంది.

కరీంనగర్ నుంచి:
తమ్మీ, 16 గడులూ నింపావు చూడు, తప్పు అక్కడే ఉంది. కొన్ని ఖాళీగా వదలాలి. నీకు స్వరాలు తెలుసు కదా, హిందోళం తీసుకో: స గ మ ద ని. కింది ‘ఎ’ (A) స్వరాన్ని షడ్జమం అనుకుని ఇలా వెయ్యి. 1లో స, దానికి యాక్సెంట్. 3లో స, దానికి స్లైడ్, 4లో పై స. 6లో స. 7లో గ, యాక్సెంట్. 9, 10లో స. 12లో కింది ని, స్లైడ్. 13లో స, యాక్సెంట్. 15లో పై స. మిగతావి ఖాళీ. 2, 5, 8, 11, 14 అంటూ మూడేసి గడులకోసారి ఖాళీ పడుతుంది. అందుకే నాలుగు లెక్క డ్రమ్ మీద ఈ బేస్ ఊగుతుంది.

ఇక స్లైడ్. హార్మోనియంలో జారు పలకదు, మెట్టు మీంచి మెట్టుకు దూకాల్సిందే. ఇక్కడ పలుకుతుంది. స్లైడ్ పెట్టిన గడి నుంచి తర్వాతి గడికి స్వరం తెగకుండా జారుతుంది, ఫిల్టర్ (ధ్వనిలో పదునును కోసే భాగం) కూడా మళ్ళీ మొదటి నుంచి తెరుచుకోదు. తర్వాతి గడి ఖాళీ అయితే జారడానికి చోటు లేదు. కొన్ని సింథ్‌లలో స్లైడ్ గుర్తు చేరాల్సిన స్వరం మీద పెట్టాలి, రెండు రకాలుగానూ విని చూడు.

యాక్సెంట్ అంటే గట్టిగా పలకడం ఒక్కటే కాదు. ఫిల్టర్ మామూలుకన్నా ఎక్కువ తెరుచుకుని చటుక్కున మూసుకుంటుంది. అసలు 303 యంత్రంలో వరసగా యాక్సెంట్లు పడితే ఒకదాని మీద ఒకటి పైకి లేస్తాయి.

నాబ్‌ల సంగతి: కటాఫ్ (ఫిల్టర్ ఎంత తెరిచి ఉండాలో) పావు వంతు, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి ధ్వనిని ఎంత పెంచాలో) ముప్పావు, ఎన్వలప్ (ప్రతి స్వరానికీ ఫిల్టర్ ఎంత కదలాలో) సగం, డికే (అది ఎంతసేపట్లో మూసుకోవాలో) తక్కువ. ముందు వాల్యూమ్ తగ్గించుకో, రెజొనెన్స్ చెవిలో గుచ్చుకుంటుంది. ఒకసారి ‘ఊ’ అంటూ మెల్లగా ‘ఆ’లోకి నోరు తెరిచి చూడు. స్వరం అదే, రంగు మారింది కదా? కటాఫ్ చేసేది అదే. ప్యాటర్న్ తిరుగుతుండగా రెండు మూడు నిమిషాల పాటు ఆ ఒక్క నాబ్‌నే చేత్తో కదుపు. నా లెక్కలో యాసిడ్ అంటే ఆ చెయ్యే, స్వరాలు కావు.

రోలాండ్ టీబీ-303ని 1981లో తెచ్చింది బేస్ గిటార్‌కు బదులుగా. అలా అమ్ముడుపోలేదు, 1984కల్లా ఆపేశారు. ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు 1982లోనే దాని మీద రాగాలు వాయించారు. చికాగో కుర్రాళ్ళు నాబ్‌లు తిప్పుతూ యాసిడ్ హౌస్‌కు రూపమిచ్చిన రికార్డు 1987లో గానీ రాలేదు. అందుకే హిందోళం చెప్పాను, మన రాగం దీనికి పరాయిది కాదు.

కాజీపేట నుంచి:
నాదో సందేహం. నాకు ఫోన్‌లో అసలు సౌండే రాదు. వచ్చినా నాబ్ తిప్పాక కాసేపటికి గానీ మార్పు వినిపించదు.

కరీంనగర్ నుంచి:
పేజీ తెరిచాక ఒకసారి తెర మీద నొక్కాలి, అప్పటిదాకా బ్రౌజర్ సౌండ్ ఆపి ఉంచుతుంది. ఐఫోన్ అయితే సైలెంట్ బటన్ చూడండి. ఆలస్యం బ్లూటూత్ వల్ల అయ్యుంటుంది, వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టండి. కింది ‘ఎ’ 55 హెర్ట్జ్, ఫోన్ స్పీకర్‌లో అది సరిగా పలకదు కూడా. వేరే ట్యాబ్‌కు వెళ్తే లయ తప్పుతుంటే ఆ పేజీని విడి విండోలో ఉంచండి.

హనుమకొండ నుంచి:
అన్నా, వచ్చింది! 12 నుంచి 13కి జారినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. మరి తీన్‌మార్?

కరీంనగర్ నుంచి:
ప్యాటర్న్ పొడవు 16 నుంచి 12కి తగ్గించు. దెబ్బకు మూడు గడులు, మొత్తం నాలుగు దెబ్బలు. టెంపో దగ్గర మాత్రం జాగ్రత్త. సీక్వెన్సర్ ఇంకా నాలుగు గడులనే ఒక దెబ్బగా లెక్కపెడుతుంది కాబట్టి, చెవికి 120 వినిపించాలంటే అక్కడ 90 పెట్టాలి. 1, 4, 7, 10 గడుల్లో డప్పు పడుతుంది, అక్కడ బేస్ వెయ్యకు. 3లో స పెట్టి స్లైడ్ ఇచ్చి, 4లో పై స ఒక్కటి మాత్రం డప్పుతో కలవనివ్వు. మిగతా స్వరాలు సందుల్లో ఉండాలి. చేశాక ఆడియో ఇక్కడ పెట్టు, విని చెప్తా.