ఒకే టేబుల్లో ఇన్ని కన్యాశుల్కాలు: వర్క్, ఎక్స్‌ప్రెషన్ ఎక్కడ విడదీయాలి?

ప్రశ్న (కార్డుపెట్టె):
తెలుగు పుస్తకాల కేటలాగు కోసం పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేసు తయారుచేస్తున్నాం. ఇప్పుడున్నది ఒక్కటే టేబుల్. కన్యాశుల్కం అని వెతికితే అన్నీ కలిసి వస్తున్నాయి: 1897 కూర్పు, గురజాడ బాగా మార్చి రాసిన 1909 కూర్పు, రకరకాల ప్రచురణకర్తల ముద్రణలు, ఇంగ్లీషు అనువాదం, 1955 సినిమా డీవీడీ, రచనల సంపుటం. ఇఫ్లా (అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య) వారి కేటలాగు నమూనా ఎల్‌ఆర్‌ఎమ్ చదివాం. అందులో వర్క్ (రచన), ఎక్స్‌ప్రెషన్ (దాని ఒక పాఠం), మేనిఫెస్టేషన్ (ఒక ప్రచురణ), ఐటమ్ (ఒక ప్రతి) అని నాలుగు అంచెలు. కానీ ఏది ఏ అంచెలోకి వెళ్లాలో తేలట్లేదు. రచయిత పేరు కూడా నాలుగైదు రూపాల్లో ఉంది. చివరికి ఇదంతా కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాలి.

గ్రంథసూచి:
కింది నుంచి పైకి రండి. చేతిలో ఉన్న ప్రతి, అంటే ఐటమ్, ఒక్కటే అనుమానం లేనిది. అక్సెషన్ నంబరు (గ్రంథాలయం ఒక్కో ప్రతికి ఇచ్చే నంబరు) దానికే. ప్రచురణకర్త, సంవత్సరం, పుటలు కలిసే ప్రతులన్నీ ఒక మేనిఫెస్టేషన్. అదే ప్రచురణకర్త మార్పులేవీ లేకుండా మళ్లీ అచ్చేస్తే కొత్త రికార్డు అక్కర్లేదు. ఐఎస్‌బీఎన్‌కి యూనిక్ నిబంధన (ఒకే నంబరు రెండుసార్లు రాకూడదనే షరతు) మాత్రం పెట్టకండి. పాత పుస్తకాలకు అది ఉండదు, కొందరు ప్రచురణకర్తలు కొత్త కూర్పుకీ పాత నంబరే వేస్తారు.

పాఠం మారితే ఎక్స్‌ప్రెషన్ మారుతుంది. 1897 పాఠం ఒకటి, 1909 పాఠం మరొకటి, ఇంగ్లీషు అనువాదం ఇంకొకటి. మూడూ ఒకే వర్క్ కింద. సినిమా వేరే వర్క్. నాటకంతో దానికి రూపాంతరం అనే సంబంధం కలపండి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ: వర్క్‌కి ఎక్స్‌ప్రెషన్లు అనేకం, ఎక్స్‌ప్రెషన్‌కి వర్క్ ఒక్కటే. మేనిఫెస్టేషన్‌కీ ఐటమ్‌కీ మధ్య కూడా అంతే. కానీ ఎక్స్‌ప్రెషన్, మేనిఫెస్టేషన్ల మధ్య అటూ ఇటూ అనేకం. మేనిఫెస్టేషన్ టేబుల్లో ఎక్స్‌ప్రెషన్ ఐడీ కాలమ్ ఒక్కటి పెట్టి వదిలేస్తే మొదటి సంపుటం దగ్గరే డిజైన్ కూలిపోతుంది. విడిగా జాయిన్ టేబుల్ (రెండింటినీ జతచేసే టేబుల్) ఉండాలి, అందులో వరుస సంఖ్య, మొదటి పుట కూడా ఉంచండి.

మనుషుల్నీ అంచెలవారీగా కట్టండి: రచయిత వర్క్‌కి, అనువాదకులు ఎక్స్‌ప్రెషన్‌కి, ప్రచురణకర్త మేనిఫెస్టేషన్‌కి.

పాఠభేదం:
1897, 1909 కూర్పుల గురించి ఒక మాట. మార్పులు అంత ఎక్కువ కాబట్టి రెండు వర్క్‌లనీ వాదించవచ్చు. ఎక్కడ గీత గీయాలో ఎల్‌ఆర్‌ఎమ్ కేటలాగర్లకే వదిలింది. నేనైతే ఒకే వర్క్ అంటాను, ఎందుకంటే కన్యాశుల్కం అడిగిన పాఠకుడికి రెండూ ఒకచోట కనపడాలి. ఎక్స్‌ప్రెషన్లు మాత్రం తప్పకుండా విడిగా ఉంచండి. విడిగా ఉన్నవాటిని తర్వాత కలపడం ఒక అప్‌డేట్‌తో అయిపోతుంది. కలిపేసినవాటిని విడదీయాలంటే అల్మరా దగ్గరికెళ్లి ఒక్కో పుస్తకం తెరవాలి. ముద్రణ సంవత్సరం చూసి పాఠం ఏదో ఊహించకండి, 1897 పాఠం కూడా తర్వాత మళ్లీ అచ్చయింది. ముందుమాట, అంకాలు చూడండి; 1909 పాఠంలో అంకాలు ఏడు.

పేర్లకు నోమెన్ (ఎల్‌ఆర్‌ఎమ్‌లో పేరుకి వాడే మాట) టేబుల్ వేరే పెట్టండి: అక్షరరూపం, లిపి, భాష, ఏ పద్ధతి ప్రకారం రాశారో. గురజాడ అప్పారావు, గురజాడ వెంకట అప్పారావు, రోమన్ లిపి రూపాలు, అన్నీ ఒకే వ్యక్తికి. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు కూడా అంతే. తిరుపతి వేంకట కవులు మాత్రం వ్యక్తి కాదు, కలెక్టివ్ ఏజెంట్, అంటే ఒకే పేరుతో వ్యవహరించే సమూహం. ఇద్దరు కవులనూ సభ్యులుగా కలపాలి.

పోలికకు విడిగా ఒక కీ తయారుచేసుకోండి. యూనికోడ్‌ని ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరూపానికి మార్చాలి (ఐత్వం రెండు రకాలుగా ఎన్‌కోడ్ అయి ఉండొచ్చు), జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) తీసేయాలి, చివరి "ము"ని సున్నాగా, ఱని రగా మార్చాలి. లేకపోతే కన్యాశుల్కము, కన్యాశుల్కం ఎప్పటికీ కలవవు. ఈ కీ వెతకడానికే. అట్ట లోపలి పేజీలో ఉన్న పేరుని దిద్దకండి.

కార్డుపెట్టె:
జాయిన్ టేబుల్ సంగతి స్పష్టమైందండీ. సంపుటాన్నే ఒక వర్క్ అనుకోవాలా మరి? కోహా సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

గ్రంథసూచి:
ఎల్‌ఆర్‌ఎమ్ ప్రకారం ఏరి కూర్చడం కూడా ఒక వర్కే, సంపాదకుడిది. అంటే సంపుటం మేనిఫెస్టేషన్‌కి ఆ కూర్పు ఎక్స్‌ప్రెషన్, లోపలి రచనల ఎక్స్‌ప్రెషన్లు అన్నీ తగులుతాయి. సంపాదకుడి పేరుతో ఎవరూ వెతకని చిన్న సంకలనాలకు కూర్పు వర్క్ సృష్టించకపోయినా నష్టం లేదు.

కోహా రికార్డులు మార్క్ అనే ప్రామాణిక కేటలాగు ఫార్మాట్‌లో, నంబర్లున్న ఫీల్డులుగా ఉంటాయి. అందులో బిబ్లియో (పుస్తక వివరాల) రికార్డు దాదాపు మేనిఫెస్టేషన్, 952 ఫీల్డు ఐటమ్. పై రెండు అంచెలనూ మార్క్ ఫీల్డుల్లో దాచాలి. 245లో పుస్తకం మీద ఉన్న పేరు, 240లో వర్క్‌కి మీరు ఖాయం చేసిన పేరు. అనువాదమైతే 240లో ఎల్ సబ్‌ఫీల్డులో ఇంగ్లీష్ అని, 041 మొదటి ఇండికేటర్ 1, ఏ సబ్‌ఫీల్డులో ఇంగ్లీషు కోడ్, హెచ్‌లో తెలుగు కోడ్. సంపుటంలోని ఒక్కో రచనకు ఒక్కో 700, రెండో ఇండికేటర్ 2, టీ సబ్‌ఫీల్డులో రచన పేరు. మీ వర్క్ ఐడీని 758లో ఉంచండి; రేపు కోహా నుంచి బయటికి తీసినప్పుడు ఆ ఐడీ ఉంటేనే పైఅంచెలు మళ్లీ కట్టగలరు. ముందు యాభై రికార్డులు ఎక్కించి, ఎగుమతి చేసి, 758 చెక్కుచెదరకుండా తిరిగొచ్చిందో లేదో చూడండి.