రెండో తరగతి పిల్లలకు దసరా నాటికి ఏమేమి రావాలి?

ప్రశ్న: తెలంగాణలో ప్రభుత్వ బడిలో రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి, గుణింతాలు తప్పులేకుండా రాస్తున్నప్పటికీ, 'అమ్మ' అని రాయమంటే ఒత్తు వదిలేసి 'అమ' అని రాస్తోంది. దసరా సెలవుల నాటికి ఎంతవరకు రావాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ఉపాధ్యాయురాలు): కంగారు పడకండి. ద్విత్వాక్షరాలు చెవికి పట్టిన తరువాతే చేతికి వస్తాయి కనుక, రెండు మాటలనూ పలికించి, తేడా ఎక్కడ వినిపించిందో ఆమెనే చెప్పనివ్వండి. లెక్కల్లో పదులు, ఒకట్లు తెలియడమే అసలు సంగతి. పరిసరాల విజ్ఞానం మూడో తరగతి నుండే విడి పుస్తకంగా వస్తుంది.

జవాబు (ఒక తాతయ్య): పదుల విషయం నిజమేనమ్మా. మా మనవడు 27కు 15 కలిపి 312 అని రాశాడు. చింతగింజలను పదేసి కుప్పలుగా పెట్టించగానే, మిగిలిన రెండింటినీ చూసి, 42 అని తానే దిద్దుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఆంగ్లం గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?