బీటా నుంచి బయటపడాలి, బ్యాకప్ విషయంలో భయం

కుతూహలం కొద్దీ నా ఐఫోనును బీటా (అందరికీ విడుదల చేసే ముందు పరీక్షించే వెర్షన్) కార్యక్రమంలో చేర్చాను. ఆ సరదా తీరింది. ఇప్పుడు ఉద్యోగపు పనికి స్థిరమైన వెర్షన్ కావాలి.

సెట్టింగ్స్‌లో జనరల్, అందులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు వెళ్లి బీటా అప్‌డేట్స్‌ను ఆఫ్ చేశాను. ఫోను అదే బీటాలో ఉండిపోయింది. తర్వాతి పబ్లిక్ వెర్షన్ వచ్చేదాకా ఆగితే దానంతట అదే మామూలు దారిలో పడుతుందని, డేటా చెరగదని చదివాను. ఇప్పుడే వెనక్కి వెళ్లాలంటే మాత్రం కంప్యూటర్‌కు కలిపి అంతా తుడిచేయక తప్పదట.

నా చిక్కంతా ఇక్కడే. బీటాలో తీసుకున్న బ్యాకప్ పాత వెర్షన్‌లోకి ఎక్కదు. బీటాకు ముందు మ్యాక్‌లో తీసుకున్న బ్యాకప్ ఒకటుంది. కొత్తది దాన్ని చెరిపేయకుండా ఆర్కైవ్ చేశాను (ఈ ఒక్క పనైనా తెలివిగా చేశాను). కానీ అది మూడు నెలల నాటిది. ఆ తర్వాతి వాట్సాప్ సంభాషణలు, నోట్స్ అందులో లేవు. ఫొటోల గురించి బెంగ లేదు, అవి ఐక్లౌడ్‌లో (ఆపిల్ ఆన్‌లైన్ నిల్వలో) ఉన్నాయి.

వాట్సాప్‌ను విడిగా ఐక్లౌడ్‌లోకి బ్యాకప్ చేసి, ఫోను తుడిచి, పాత బ్యాకప్ ఎక్కించాక, ఆ యాప్‌ను తీసేసి మళ్లీ వేస్తే కొత్త సంభాషణలు తిరిగి వస్తాయా? ఎవరైనా స్వయంగా చేసి చూశారా? నోట్స్ ఐక్లౌడ్‌లో కాక ఫోనులోనే ఉన్నాయి. తుడిచే ముందు వాటిని అక్కడికి మార్చితే చాలా?

ఇంకొకటి. ఆ పాత బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. అది సరైనదో కాదో ఫోను తుడవకముందే తేల్చుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి. ఆగడమే మేలంటారా?