కచేరీ మధ్యలో తప్పు దొర్లితే ఆపాలా, కానిచ్చేయాలా?

కాకినాడ రసికుడు:
మొన్న ఒక సభలో గాయకుడు పల్లవిలో (ఒక్క వరస సాహిత్యాన్నే తాళంలో రకరకాలుగా తిప్పి పాడే భాగం) తాళం తప్పాడు. ఆగి, నవ్వి, మళ్లీ ఎత్తుకున్నాడు. నా పక్కనున్నాయన "టికెట్టు కొన్నది రిహార్సల్ చూడ్డానికా?" అని గొణిగాడు. నాకైతే ఆపడమే మర్యాద అనిపించింది. 2017 గ్రామీ సంగీత పురస్కారాల వేడుకలో బ్రిటిష్ గాయని అడెల్ చేసిందీ అదే. పాప్ గాయకుడు జార్జ్ మైకేల్ పోయి రెండు నెలలైనా కాలేదు. ఆయనకు నివాళిగా పాడుతూ, సరిగా రావట్లేదని లైవ్‌లోనే ఆపేసి మొదటి నుంచీ పాడింది. తిట్టినవాళ్లకంటే మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

మృదంగం శిష్యుడు:
రసికుడు గారూ, కచేరీలో తాళం ఒక్కరి సొత్తు కాదండీ. గాయకుడు ఆగితే వయొలిన్, మృదంగం, ఘటం అన్నీ ఆగాలి. ముక్తాయింపు (ముగింపు లయ వరస) సమానికి, అంటే తాళం మొదలయ్యే దెబ్బకు, ఒక అక్షరం (ఒక లెక్క) ముందే వచ్చి పడిందనుకోండి, చెయ్యి తిరిగినవాడు తర్వాతి ఆవర్తంలో (తాళం మరో చుట్టులో) సర్దేస్తాడు. ముందు వరుసలో తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి ఒక్క క్షణం తడబడుతుంది, అంతే. మిగతా హాలుకు తెలియనే తెలియదు.
1986లో అమెరికాలోని టాంగిల్‌వుడ్ సంగీతోత్సవంలో వయొలిన్ కళాకారిణి మిడోరికి 14 ఏళ్లు. స్వరకర్త బెర్న్‌స్టీన్ తన రచనకు తనే నిర్దేశకత్వం వహిస్తుంటే, ఆమె వయొలిన్ తీగ తెగింది. ఆర్కెస్ట్రాలో ముందున్న కళాకారుడి వయొలిన్ అందుకుంది. దాని తీగా తెగింది! మూడో వయొలిన్‌తో పూర్తి చేసింది.

డల్లాస్ గాయని:
తీగ తెగడం ఆమె తప్పు కాదు కదా, ఆ పోలిక ఇక్కడ కుదరదు. సాహిత్యం మర్చిపోతే ఏం చేస్తారు? చరణం మింగేసి ఆకారాలతో (మాటల్లేకుండా 'ఆ...' అంటూ) నెట్టుకొచ్చేవాళ్లను చాలామందిని విన్నాం. 2016లో స్టాక్‌హోంలో, సాహిత్య నోబెల్ వచ్చినా వేడుకకు రాని గాయకుడు బాబ్ డిలాన్ తరఫున గాయని ప్యాటీ స్మిత్ పాడింది. మాటలు తడబడగానే క్షమించమంది, చాలా టెన్షన్‌గా ఉందని చెప్పేసి మళ్లీ అందుకుంది. సభ చప్పట్లు కొట్టింది. ఆకారాలకు ఎవరు కొడతారు?

సౌండ్ బాక్స్ తమ్ముడు:
ఒక ప్రోగ్రాంలో శ్రుతి యాప్ నడుస్తున్న ఫోన్‌కు కాల్ వచ్చింది. ఆలాపన మధ్యలో శ్రుతి ఠక్కున ఆగిపోయింది. గాయని కళ్లు కూడా తెరవలేదు. వయొలిన్ ఆయన షడ్జం ('స' స్వరం) పట్టుకుని నిలబెట్టాడు, ఈలోపు నేను పరుగెత్తుకెళ్లి ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. దయచేసి స్టేజీ ఎక్కేముందే ఆ పని చేయండి అక్కా, అన్నా!
ఇక ట్రాక్ పెట్టి పెదాలాడించేవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు. 1989లో మిల్లీ వనిల్లీ అనే పాప్ జంట ట్రాక్ ఒకే ముక్క దగ్గర ఇరుక్కుని తిరుగుతుంటే, ఇద్దరిలో ఒకడు స్టేజీ దిగి పారిపోయాడు. మరుసటి ఏడాది గ్రామీ కూడా వెనక్కి పోయింది.

మృదంగం శిష్యుడు:
సరే, గాయని గారూ. సాహిత్యం మర్చిపోతే ఆపండి, ఒప్పుకుంటా. తాళం తప్పితే మాత్రం ఆపొద్దు.

కాకినాడ రసికుడు:
పల్లవిలో సాహిత్యం ఒక్క వరసే, అదీ తాళానికి అతుక్కునే ఉంటుంది. మరి అక్కడ ఏ లెక్కన ఆపాలో మీరే చెప్పండి.