భూటాన్ ఐదు రాత్రులు: పునాఖాతో ఆపాలా, ఫోబ్జిఖా దాకా వెళ్లాలా?

సుధ_పి: నవంబరు మధ్యలో వెళ్తున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, అరవై ఏడేళ్ల మా అత్తయ్య. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పారో, థింఫు, పునాఖా ఖాయం. ఫోబ్జిఖా లోయలోకి నల్లమెడ కొంగలు అప్పటికే వచ్చేస్తాయట. అటు వెళ్లాలా, పారోలోనే ఇంకో రోజు ఉండాలా? పారో దగ్గర కొండ అంచున ఉన్న మఠం, టైగర్స్ నెస్ట్, అత్తయ్య ఎక్కగలరా?

కొండదారి: ఫోబ్జిఖా వద్దండీ. లోయ బాగుంటుంది, కొంగల కోసం అక్కడ కరెంటు తీగలు కూడా భూమిలోంచే వేశారు. కానీ మూడు వేల మీటర్ల ఎత్తు, నవంబరు రాత్రి చలి, పైగా ఘాట్ రోడ్డు. పెద్దావిడ తట్టుకోవడం కష్టం. పునాఖా అయితే లోతట్టున వెచ్చగా ఉంటుంది. ఫో ఛూ, మో ఛూ నదులు కలిసేచోట 1637లో మొదలుపెట్టిన కోట ఉంది, దాని ముందే సగం పూట గడిచిపోతుంది. టైగర్స్ నెస్ట్‌కి గుర్రం సగం దూరమే వెళ్తుంది. ఆ పైన వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి, తిరుగు ప్రయాణమంతా నడకే. ఆవిడని సగం దారిలో ఉన్న క్యాంటీన్‌లో కూర్చోబెడితే మఠం ఎదురుగా కనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు: ఎటు వెళ్లాలో తర్వాత చూడొచ్చు, ముందు భూటాన్ ప్రభుత్వం పర్యాటకుల దగ్గర తీసుకునే రుసుము సంగతి చూసుకోండి. మన భారతీయులకి తలకి రాత్రికి 1,200 రూపాయలు. నలుగురికి ఐదు రాత్రులంటే 24,000. గది, కారు, తిండి దీనికి అదనం. మా ఏజెంటు ప్యాకేజీలో ఈ మాటే ఎత్తలేదు, సరిహద్దులో చేయి చాపాడు.

వానకోయిల: ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సగమే మాస్టారూ. 21,000.

లెక్కల_మాస్టారు: సరే, 21,000. అయినా ఎందుకివ్వాలి అని అడుగుతున్నా.

కొండదారి: డాలర్లలో కట్టేవాళ్లకి రాత్రికి 100, 2022లో 200 చేసి మరుసటి ఏడాది సగానికి దించారు. దాంతో పోలిస్తే మనకిచ్చింది రాయితీయే. అరవై శాతం అడవి ఉండి తీరాలని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. వైద్యం, చదువు ఉచితం. ఆ ఖర్చుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

లెక్కల_మాస్టారు: రాయితీ అనకండి. 2022కి ముందు మనకి అసలు రుసుమే లేదు. లేనిదాన్ని పెట్టి, వేరేవాడి కంటే తక్కువ అంటే రాయితీ ఎలా అవుతుంది?

మూడోబెంచీ: సొంత కారు తీసుకెళ్తే రోజుకి ఇంకో 4,500. మాస్టారికి చెప్పకండి.

కొండదారి: ఎందుకు పెట్టారో కూడా చెప్పండి మరి. 2019లో దోచులా కనుమ దగ్గర మనవాడొకడు స్తూపం మీదకెక్కి ఫొటో దిగాడు, ఆ దేశమంతా బాధపడింది. నేను వెళ్లినప్పుడు అదే కనుమలో మనవాళ్లు బస్సు దిగి స్పీకర్ పెట్టి డాన్సులు. పక్కన దీపాలు వెలిగించుకుంటున్న ముసలివాళ్లు. సిగ్గేసింది.

లెక్కల_మాస్టారు: ఒకడు ఎక్కితే అందరికీ జరిమానానా? డబ్బున్నవాడు స్పీకర్ పెట్టడా? 1,200 కట్టగలిగితే సంస్కారం వచ్చేస్తుందా?

కొండదారి: సంస్కారం రాకపోయినా రద్దీ తగ్గుతుంది. మన కొండ ఊళ్ల గతి చూశాం కదా. వాళ్లిల్లు, వాళ్లిష్టం.

లెక్కల_మాస్టారు: మీరు ఏ ఏడాది వెళ్లారు?

కొండదారి: దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

లెక్కల_మాస్టారు: ఏ ఏడాది?

కొండదారి: 2018.

లెక్కల_మాస్టారు: అదీ సంగతి. రుసుము లేని రోజుల్లో మీరు హాయిగా చూసొచ్చారు. ఇప్పుడు మా వంతు వచ్చేసరికి తలుపు దగ్గరకి వేసి, రద్దీ మంచిది కాదంటున్నారు. ఆ బస్సు దిగినవాళ్లలో మీరూ ఒకరే కదా.

వానకోయిల: మాస్టారూ, కొంచెం తగ్గండి.

లెక్కల_మాస్టారు: తగ్గను. స్కూలు జీతం మీద అమ్మానాన్నలతో కలిసి ఆరుగురం వెళ్దామనుకున్నాం, ఈ రుసుము చూసి ఇద్దరం వెళ్లొచ్చాం. వాళ్ల దేశం మీద నాకు కోపం లేదు, వాళ్ల అవసరం వాళ్లది. కట్టగలిగినవాళ్లు ‘ఇలాగే ఉండాలి’ అని మెచ్చుకుంటారు చూడండి, అక్కడ మండుతుంది నాకు.

కొండదారి: నేను స్పీకర్ పెట్టలేదు. మిగతాదానికి ఏం చెప్పాలో తెలియడం లేదు. అయినా రుసుము ఉండాలనే అంటాను. రేపు పెంచితే నేనూ వెళ్లలేను, అప్పుడూ ఇదే మాట.

లెక్కల_మాస్టారు: పెంచాక చూద్దాం ఆ మాట.

మూడోబెంచీ: సుధగారు ఇంకా ఉన్నారా?

సుధ_పి: ఉన్నానండీ. ఫోబ్జిఖా మానేశాం. థింఫు ఒకటి, పునాఖా రెండు, చివర్లో పారో రెండు. మావారూ బాబూ కొండెక్కుతారు, నేనూ అత్తయ్యా క్యాంటీన్ దాకా. బాబుకి పాస్‌పోర్టు లేదు, ఆధార్ సరిపోతుందా?

వానకోయిల: ఆధార్ చెల్లదు. బాబుకి జనన ధ్రువపత్రం, పెద్దవాళ్లకి ఓటరు కార్డు గానీ పాస్‌పోర్టు గానీ.

లెక్కల_మాస్టారు: రుసుము ప్యాకేజీలో కలిపారో లేదో ఏజెంటు చేత రాయించుకోండమ్మా. బాబుకి సగమే అని కూడా రాయమనండి.